పంపుహౌసు వెనక దుబ్బు

ఆమెను పనివాళ్ళు గడ్డి డాక్టరమ్మ అనేవారు. వెక్కిరింతగా మొదలైన ఆ పేరు రానురాను మర్యాదగా మారింది. మడుగులో పెరిగే, చాపలల్లే జమ్ములో అసలుదేదో, సంకరమేదో తేల్చాలంటే ఆమెను పిలవాల్సిందే. సంకర జమ్ము మహా దొంగ మొక్క. ఇక్కడి వెడల్పాకు జమ్ముకీ, ఎక్కడి నుంచో వచ్చిన సన్నాకు జమ్ముకీ పుట్టి, కన్నవాళ్ళిద్దరినీ తోసేసి మడుగంతా నాదే అంటుంది. అది కమ్ముకున్న చోట నీళ్ళు కనబడవు, పిట్ట వాలదు.

మడుగు బాగుచేయించే ఆఫీసువాళ్ళు దాన్ని పీకడానికి పెట్టిన ముఠాకు ఆమే పెద్ద. కంకి వంచి చూసేది. పైన మగభాగం, కింద గోధుమరంగు ఆడభాగం. రెంటికీ మధ్య గోరంత సందుంటే అసలైన వెడల్పాకు. సందు వేలెడంత ఉన్నా, అసలు లేకపోయినా పీకెయ్యమనేది.

ఈ కొలత ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆమె కాపురానికి వచ్చేసరికే, చాపలల్లే అత్తగారు నడుం పడిపోయి మంచాన ఉంది.

"పంపుహౌసు వెనక దుబ్బు మా అత్తగారి కాలం నుంచీ కోస్తున్నాం. అక్కడే కొయ్యవే" అంది.

కోడలు అక్కడే కోసింది, ఆ కంకులు చూసే నేర్చుకుంది. అసలు జమ్మంటే ఆమెకు ఆ దుబ్బే. అత్తగారు మాత్రం కొత్త చాప వేసినప్పుడల్లా సణిగేది.

"ఇది మన జమ్ము కాదే. పెళపెళమంటోంది, గుచ్చుకుంటోంది."

"జమ్ము అదే అత్తయ్యా, మీ వీపే మారింది" అని కోడలు నవ్వేసేది. మంచాన పడ్డ ముసలావిడ మాట ఎవరు లెక్కచేస్తారు చెప్పండి!

ఈ ఏడు పీకుడు పూర్తయి, మడుగులో ఆమె అసలుదన్న జమ్మే అక్కడక్కడా మిగిలింది. ఆ దుబ్బు దుంపలే తీసి మళ్ళీ నాటుదామనుకున్న ఆఫీసువాళ్ళు, ముందుజాగ్రత్తగా దాని ఆకు ముక్కలు పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక ఆఫీసరు ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. ఆ దుబ్బే సంకరం. ఎన్నేళ్ళ కిందటో దుంప లోపల్లోపలే పాకి, పాతదాన్ని చంపి దాని చోట లేచింది. అసలు వెడల్పాకు కంకిలో సందే ఉండదు. ఆమె మాట మీద సంతకాలు పెట్టిన ఆఫీసు పెద్దమనుషుల్లో ఒక్కరైనా ఇన్నాళ్ళూ ఈ కొలత ఎక్కడిదని అడగొద్దూ!

"సందు లేనివి ఎక్కడైనా మిగిలాయా అమ్మా?"

కాస్త పొట్టిగా, వెడల్పుగా, మెత్తగా ఉండే ఆ మొక్కలన్నీ ఆమె కళ్ళ ముందు మెదిలాయి. పైపైన కోసి వదిలేద్దామన్న వాళ్ళ మీద కేకలేసి, తనే బురదలో దిగి, దుంప ముక్క కూడా మిగలకుండా చేతులారా తవ్వి, ఎండబెట్టి తగలబెట్టించింది.

"లేవు సార్" అంది చివరికి.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గోడవైపు ఒత్తిగిలి పడుకుని ఉంది. వీపు మీద చాప గీతలు ఎర్రగా తేలాయి. కోడలు పక్కన కూర్చుని మందు రాయడం మొదలుపెట్టింది. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోతోంది.

"అత్తయ్యా, మీరన్నదే నిజం. అది మన జమ్ము కాదట."

"చెప్పానా!" ముసలావిడ గొంతులో ఇన్నేళ్ళకు సంతోషం వినిపించింది. "పోనీలేవే, ఇప్పటికైనా తెలిసింది కదా. రేపెళ్ళి మంచిది కోసుకురా. పోయేలోగా దాని మీద ఒక్క రాత్రి పడుకుంటే చాలు నాకు."

"అలాగే అత్తయ్యా" అంది కోడలు, మందు రాస్తూనే. గోడవైపు తిరిగి ఉన్న అత్తగారికి ఆమె ముఖం కనబడలేదు.