మూయకూడని పుస్తకం

ఉద్దానం ఇసుక మీద నాకు ఒక్కటే ఫిర్యాదు. అది కాళ్ళకు అంటుకుంటుంది, అన్నంలో పడుతుంది, తలలో చేరుతుంది. వాటిని నేను లెక్కచెయ్యను. కాని పుస్తకం తెరిచేసరికి ఆ పేజీలో నాకంటే ముందు అది ఉంటుంది. పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, పెట్టెకు తాళం కూడా వేసి చూశాను. మర్నాడు తీస్తే రాకుమారుడి గుర్రం డెక్కల దగ్గర గుప్పెడు ఇసుక. రచయితకు ఆ వర్ణన తట్టలేదు గాని ఉద్దానానికి తట్టింది.

నేను టెక్కలివాణ్ణి. బి.ఏ. ప్యాసయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఎదురుచూడడం నేను శ్రద్ధగానే చేసేవాణ్ణి. మా నాన్నకే అది ఒక పనిలా కనిపించేది కాదు. అప్పుడే ఉద్దానంలో అక్కుపల్లి దాపున ఉండే మా మేనత్తగారి ఊరి నుంచి కబురొచ్చింది. మావ రంగం వెళ్తున్నాడు, దీపావళిలోగా వచ్చేస్తాడు, అందాకా కొబ్బరితోట చూసుకోవడానికి ఎవరైనా ఉంటే బాగుండునని. రంగూన్‌ను మావాళ్ళు రంగం అంటారు. అక్కడ బియ్యం మిల్లులో పనిచేసే తమ్ముడు ఎంతకీ తిరిగి రావడం లేదని, వాణ్ణి చెవి పట్టుకు తీసుకురావడానికి మావ పొగఓడ ఎక్కుతున్నాడు. కొబ్బరిచెట్లు ఎక్కడికీ పోవు కాబట్టి వాటిని చూసుకోవడానికి నేను సరిపోతానని మా నాన్న తేల్చాడు.

పెట్టెలో రెండు పంచెలు, ఒక నవల పెట్టుకుని బయల్దేరాను.

ఆ నవల గురించి చెప్పాలి. కళింగరాజుల కాలం. ఒక రాకుమారుడు, వాడి మీద పగబట్టిన మాంత్రికుడు, కోటలోంచి అడవిలోకి పోయే సొరంగం, మాటలాడే ఖడ్గం. ఇలాంటివంటే నాకు కాలేజీ రోజుల నుంచి చెప్పుకోలేనంత ఇష్టం. తర్కశాస్త్రం పుస్తకం పెద్ద సైజులో అచ్చువేయడం వల్ల నాకు జరిగిన మేలు ఇంతా అంతా కాదు. దాని చాటున ఎన్ని రాజ్యాలు కూలిపోయినా ఉపన్యాసకుడికి కనిపించేవి కాదు. సెలవులకు టెక్కలి వస్తే మా పెరటిగోడను తట్టి చూసేవాణ్ణి, సొరంగం ఉంటే బోలుగా మోగుతుందని. ఒకసారి మోగింది. అవతల పక్కింటివాళ్ళు తిరిగి తట్టారు.

ఈ నవల రాసినాయన మద్రాసులో ఉంటాడు. మహేంద్రగిరి శిఖరం మీద మంచు కురిపించాడు. ఆ కొండను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, దాని మీద మంచు నేనెరగను. అయినా ఆ పేజీ చదివిన సాయంత్రం బయటికొచ్చి కొండ వైపు చూస్తే, ఏమో, కొద్దిగా తెల్లగానే కనిపించింది.

ఉద్దానం చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం అత్త తోటలో కూర్చుని చీపుళ్ళకు కొబ్బరి ఈనెలు గీస్తోంది. నేను చెట్టుకు ఆనుకుని నవల తెరిచాను. పెదవులు కదిలాయి కాబోలు.

"పైకి సదువు అల్లుడా. ఒక్కడివే మింగేస్తావేటి?"

పైకి మొదలుపెట్టాను. రెండు వాక్యాలకే కత్తి కింద పెట్టింది.

"ఆగు. కాళ్ళు కడుక్కున్నావా?"

"ఇది పురాణం కాదత్తా. నవల."

"రాజున్నాడా?"

"ఉన్నాడు."

"మంత్రాలున్నాయా?"

"ఉన్నాయి."

"రాచ్చసుడు?"

"ముందు ముందు రావచ్చు."

"మరి పురాణం కాక ఇంకేటి? కాళ్ళు కడుక్కునిరా."

కడుక్కుని వచ్చేసరికి అరుగు మీద పీట, పీట మీద పుస్తకం, అట్ట మీద పసుపుబొట్టు. పక్కన దీపం. అక్కుపల్లి నుంచి ఎండుచేపలు తెచ్చే ముసిలమ్మ గంప దించి, మెట్టు మీద బాసింపట్టు వేసుకుని, కొంగు భుజం మీదికి లాక్కుని చేతులు జోడించింది. ఎవరికి జోడించిందో నాకు తెలియలేదు. మాంత్రికుడికి కూడా అందులో వాటా వెళ్ళే ఉంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా మూసేటప్పుడు వచ్చింది.

మా వైపు పురాణం చదివేవాళ్ళకు ఒక కట్టడి ఉంది. ఎవరో చచ్చినచోట, చెరలో పడినచోట పుస్తకం మూయకూడదు. మూస్తే విన్నవాళ్ళింటికి అరిష్టం. పెళ్ళో పట్టాభిషేకమో వచ్చేదాకా చదివి, అక్కడ హారతిచ్చి మూయాలి. నవలలు రాసేవాళ్ళకూ ఒక కట్టడి ఉంది. తాడు తెగబోతుండగా తప్ప ప్రకరణం ముగించకూడదు. ఈ రెండు ఆచారాల మధ్య నా భోజనం ఇరుక్కుంది.

మొదటి ప్రకరణం చివర రాకుమారుడు పాడుబడ్డ నూతిలో పడ్డాడు. నేను లేవబోయాను.

"ముయ్యకు!" అంది అత్త. "మడిసి నూతిలో ఉన్నాడు."

"రేపు తీస్తారత్తా."

"రేత్రంతా నీళ్ళలో ఉంటాడేటి? సదువు, సదువు."

చదివాను. నూతిలోంచి తీశారు. తీసినవాడు మాంత్రికుడి మనిషి. మళ్ళీ మూయడానికి లేదు. పొయ్యి మీద అన్నం మాడింది, లేగదూడ పాలన్నీ తాగేసింది. అత్త ముక్కు ఎగబీల్చి, "మాడనీ" అంది. మా అత్త నోట ఆ మాట అంతకుముందెన్నడూ వినలేదు. నన్ను బి.ఏ. దాకా తెచ్చిన ఏ పుస్తకానికీ అంత బలం చూడలేదు. క్రమంగా కిటుకు పట్టాను. ప్రకరణం మధ్యలో రాకుమారుడు ఎక్కడో పళ్ళు తింటూనో, ఏనుగు ఎక్కుతూనో ఉంటాడు. అక్కడ గభాల్న మూసేసి "మంగళం" అనేవాణ్ణి. చేపలావిడ మాత్రం, "ఇప్పుడిప్పుడే బాగుంటే ఆపేసినావు బాబూ" అని గొణిగేది.

అలా మొదటి సంపుటం చివరి పేజీకి వచ్చాం. అప్పటికి దీపావళి దాటిపోయింది. మావ రాలేదు.

రాకుమారుడు ఓడలో ఉన్నాడు. మాంత్రికుడు ఒడ్డున నిలబడి నిమ్మకాయ కోశాడు. "అంతట రాకుమారుని యోడ నడిసంద్రమున నిలువునఁ బగిలెను" అని చదివి పేజీ తిప్పాను. "శేషము ద్వితీయ సంపుటమున" అని ఉంది. దాని తర్వాత తలనూనె ప్రకటన.

అత్త నా మొహంలోకి చూసింది. "సదువు."

"ఇంతే ఉందత్తా."

"ఇంతేటి? ఓడ పగిలిపోనాది కదా?"

"మిగిలింది రెండో పుస్తకంలో ఉంది. మద్రాసు నుంచి తెప్పించుకోవాలి."

పుస్తకం మీద చెయ్యి వేశాను. ఆ చేతిని అత్త పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"మీ మావ సముద్రం మీద ఉన్నాడు" అంది, అంతే.

పుస్తకం మూయలేదు. పీట మీద తెరిచే ఉంచి, అటో కొబ్బరిచిప్ప ఇటో చిప్ప బరువు పెట్టి, కోళ్ళు తొక్కకుండా పైన గంప బోర్లించింది. పొద్దునా సాయంత్రమూ గంప ఎత్తి చూసేది, రాకుమారుడు ఏ స్థితిలో ఉన్నాడో అన్నట్టు. పలాస వెళ్ళే బండివాడిచేత మద్రాసుకు కార్డు పంపాను. "ద్వితీయ సంపుటము అచ్చులో నున్నది" అని జవాబొచ్చింది. అచ్చులో ఉన్నదంటే రచయిత ఇంకా మొదలుపెట్టలేదని అర్థం. ఆ అర్థం అత్తకు చెప్పలేదు.

ఈలోగా తూర్పుగాలి తిరిగింది. కొబ్బరిచెట్లు ఒకవైపే వంగి లేవడం మరచిపోయాయి. చేపలావిడ ఖాళీ గంపతో వచ్చి, "తెప్పలన్నీ ఒడ్డెక్కించీసినారమ్మా. సముద్రం సూత్తే బయమేత్తంది" అంది. ఆ పూట నుంచి అత్త ఒంటిపూట భోజనం మొదలుపెట్టింది. మర్నాడు ఆ ఒక్క పూటా విస్తరి ముందు కూర్చుని లేచిపోయింది.



సాయంత్రం అత్తే పిలిచింది. దీపం వెలిగించి ఉంది. గంప పక్కకు తీసి ఉంది. చేపలావిడ మెట్టు మీద ఉంది.

"బియ్యే సదివినావు కదా. మిగిలింది నువ్వు సదువు."

"పుస్తకం లేకుండా ఎలా చదవనత్తా?"

"ఇది పుస్తకం కాదేటి? ఇందులో సూసి సదువు. నీ బుర్రలోంచి సెప్పకు. కట్టుకత సెప్తే పనిసెయ్యదు. పుస్తకంలోంచే రావాల."

నేను తర్కశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ మాటకు బదులేమిటో అందులో లేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి, తలనూనె ప్రకటన మీద చూపు నిలిపి, గొంతు సవరించుకున్నాను.

"అంత రాకుమారుఁడు పగిలిన యోడ పలక నొకదానిఁ గౌఁగిలించుకొని..."

గ్రాంథికం కాబట్టి నమ్మకంగానే ఉంది. అత్త కళ్ళు మూసుకుంది. నేను పలకను పడమటి వైపు తిప్పాను, అలలను తగ్గించాను, మాటలాడే ఖడ్గంచేత దారి చెప్పించాను. తలనూనె అయిపోతే జ్వరం మాత్రల పేజీకి తిప్పాను. చేపలావిడ మెడ చాచి తొంగిచూసింది.

"ఇందాకటి ఆ బొమ్మేటి బాబూ? జుట్టు నేలదాకా ఉంది, గుంట బాగుంది."

"అది..." అన్నాను. "మాంత్రికుడి కూతురు."

"ఓలమ్మో! ఆడికి కూతురుందా! మరింతవరకూ సెప్పనేదేటి?"

"ఇప్పుడే వస్తోంది."

"రాకుమారుడికి ఇచ్చీండి. ఉత్తినే ఒగ్గేస్తే ఏటి బాగుంటాది?"

"మాంత్రికుడు ఒప్పుకోవద్దా?"

"ఆడొప్పుకోడమేటి, ఆడ్ని సంపీండి ముందు!"

"అలగ మాటాడకు," అంది అత్త కళ్ళు తెరవకుండానే. "సావు మాటొద్దు. ముందు ఒడ్డుకి సేర్చు. పెళ్ళి తరవాత."

మాంత్రికుణ్ణి సన్యాసుల్లో కలిపి, రాకుమారుణ్ణి బారువ రేవులో దింపి, వాడి కాళ్ళ మీద నీళ్ళు పోయించి, పెళ్ళి చేశాను. జ్వరం మాత్రల వాడుక విధానం దగ్గర పట్టాభిషేకం జరిగింది. అత్త హారతిచ్చి, పుస్తకం తన చేత్తోనే మూసి, కళ్ళకద్దుకుని లోపలికెళ్ళి అన్నం పెట్టుకుంది. ఆమె కలుపుకునే చప్పుడు అరుగు మీద నాకు వినిపించింది. నేను ఇంతవరకూ రాసినవాటిలో, చదివినవాటిలో, అంత మంచి ముగింపు తెలియదు.

గాలి తగ్గాక పలాస నుంచి ఎడ్లబండిలో మావ దిగాడు. తమ్ముడు రాలేదు; గొడుగు వచ్చింది.

"గాలివాన కదాని విశాపట్నంలో దిగిపోనాను" అన్నాడు హాయిగా. "మా పెదనాన్న కొడుకింట్లో ఉన్నాను. కోడికూర ఎంత బాగా సేత్తారనుకున్నావు!"

అత్త కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఆ ఇంట్లో చాలాకాలం కోడికూర వండలేదని మాత్రం చెప్పగలను.

ద్వితీయ సంపుటం ఎండలు ముదిరాక వచ్చింది. అరుగు మీద విప్పబోతే, "ఆడు ఇంటికొచ్చీసినాడు కదా, మళ్ళీ ఎందుకు ముంచడం? నా గుమ్మంలో తెరవకు" అంది అత్త. తోటలోకి పట్టుకుపోయి ఒక్కణ్ణే చదివాను. మొదటి పేజీలోనే రాకుమారుడు మునిగిపోయాడు. నిజంగానే. మిగిలిన కథంతా వాడి తమ్ముడిది. మొదట ఒళ్ళు మండింది. తర్వాత తమ్ముడు అన్న ఖడ్గాన్ని వెతుక్కుంటూ సముద్రం అడుగుకు దిగే ప్రకరణం వచ్చింది. నీళ్ళ కింద మునిగిన నగరం, గుడిగంటల మీద పాకే ఎండ్రకాయలు. పొద్దువాలినా లేవలేదు. మావ పిలిస్తే పలకలేదట.

ఇంటికొచ్చి ఉండబట్టలేక చెప్పాను. అత్త ఈనెలు గీస్తోంది. మావ పక్కన తాడు పేనుతున్నాడు. వానలు వెళ్ళాక మళ్ళీ రంగం వెళ్ళి ఈసారి తమ్ముణ్ణి తెచ్చి తీరతానని ఆ పొద్దునే అన్నాడు.

"అత్తా, అసలు కథలో రాకుమారుడు చచ్చిపోయాడు."

కత్తి ఆగలేదు.

"కాని చాలా గొప్పగా రాశాడు. అన్న పోతేనే కదా తమ్ముడు సముద్రంలోకి దిగుతాడు! అన్న బతికి ఒడ్డుకొచ్చేస్తే ఆ నగరం ఎక్కడిది, ఆ అందం ఎక్కడిది? కథకు ఆ చావు కావాలి."

అత్త ఒక ఈనె పూర్తిగా గీసి, కట్టలో పెట్టి, మావ వైపు చూసి, నా వైపు తిరిగింది.

"ఆ రాసినోడి ఇంటి మనుసులెవులూ సముద్రం మీద నేరు."