ఇంకొకరి ఖాకీ చొక్కా

నా పడుచు వయసు చాలావరకు ఇంకొకరి ఖాకీ చొక్కాలో గడిచింది. అది భుజాల దగ్గర జారేది. చేతులు ఎంత మడిచినా మళ్లీ కిందికి దిగేవి. ఆ చొక్కా మా ఊరి పెద్ద పోస్టాయనది. నేను ఆయనకు బదులు మనిషిని.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బళ్లు మూతపడి, మాకు ఒక ఏడాది చదువు ఊరేగింపుల్లోనే పోయింది. నౌకరీలు మా వాళ్లకే కావాలని నేనూ గొంతు చించుకుని అరిచాను. అంత అరిచాను కాబట్టి ఎక్కడో ఒకటి నా కోసం తయారవుతూనే ఉంటుందని నమ్మకం. ఎలాగో పదో తరగతి గట్టెక్కి, నర్సింహులపేట దగ్గరి మా ఊళ్లో ఖాళీగా తిరుగుతుంటే, తన ఇంటి అరుగు మీద గదిలో పోస్టాఫీసు నడిపే పటేలు నన్ను పిలిచాడు.

"పెద్దాయన మోకాళ్లు పోయినయ్. నువ్వు జర సంచి మొయ్యి. ఆయన దిగినంక గా కొలువు నీకే వస్తది."

పోస్టాయన రాలేని రోజు తన పూచీ మీద ఇంకొకణ్ని పంపవచ్చు. కానీ దానికి సెలవు రాసివ్వాలి. ఆ సెలవులు మరీ ఎక్కువైతే ఉన్న కొలువు ఊడుతుంది. పెద్దాయనకు పిల్లలు లేరు, భూమి లేదు, ఉన్నది ఆయనా ఆయన భార్యా. అందుకని ఏదో పండగకూ పబ్బానికీ తప్ప సెలవు రాసేవాడు కాదు. సంచీ నా భుజానికుండేది, సంతకం ఆయన చేసేవాడు. వచ్చిన దాంట్లో ఇంత నా చేతిలో పెట్టేవాడు.

ఆయన ఎప్పుడు దిగుతాడన్నదే నాకు పగలూ రాత్రీ ఆలోచన. నైజాం కాలంలో ఆయన కొలువులో చేరినప్పుడు పుట్టిన తేదీ ఎవరికీ తెలియదట. ఆఫీసరు మొహం చూసి, తోచినంత వయసు రాశాడు. మనిషి బక్కపలచగా ఉండేసరికి బాగా తగ్గించి రాశాడు. అందుకే పళ్లు ఊడినా, చూపు మందగించినా, కాగితం మీద మా పెద్దాయన ఇంకా నడివయసులోనే ఉన్నాడు. తలచుకుంటే నవ్వొచ్చేది, ఒళ్లూ మండేది. నేను ఏటికేడు ముదురుతున్నాను, ఆయన మాత్రం ముదరడు.

నడకలో పడితే ఆ మంట చల్లారేది. పొద్దున్నే మంచులో ఆకేరు వాగు ఇసుక దాటుతుంటే నా కాళ్లు నావి కావనిపించేది. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ వాసన తలకెక్కేది. అలా నడుస్తూనే నేను కొలువు ఆర్డరు అందుకునేవాణ్ని. మరిపెడలో దర్జీ దగ్గర నా కొలతకు ఖాకీ చొక్కా కుట్టించుకునేవాణ్ని. ఆ చొక్కా తొడుక్కుని మానుకోట స్టేషన్లో రైలెక్కి ఎక్కడికో పోయేవాణ్ని. ఎక్కడికో నాకే తెలిసేది కాదు, రైలు మాత్రం చల్లగా, మెత్తగా పోతూ ఉండేది. ఒకసారి ఆ రైల్లో ఉండగానే ఉత్తరాలు ఇవ్వాల్సిన తండా దాటిపోయి, పక్క ఊరి పొలిమేరలో తేలాను. వెనక్కి వస్తే తండా ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు.

ఊళ్లలో నన్ను చిన్న పోస్టాయన అనేవాళ్లు. తెచ్చిన ఉత్తరం చదివి పెట్టేదీ నేనే. చావు కబురున్న కార్డును ఎవరూ ఇంట్లోకి తీసుకుపోరు. వాకిట్లోనే చదివించుకుని అక్కడే చింపేస్తారు. ఒక అవ్వకు తమ్ముడి కబురు అలాగే వాకిట్లో చదివాను. ఆమె ఏడ్చి ఏడ్చి, చివరికి నా మొహం చూసి నాకే మంచినీళ్లు తెచ్చిచ్చింది. అప్పటి నుంచి నేనంటే ఆమెకు ప్రాణం.

ఆ ప్రాణమే నా కొంప ముంచింది.

ఉత్తరాలు సరిగ్గా అందుతున్నాయా అని అడగడానికి ఇన్‌స్పెక్టరు సారు ఊళ్లకు వస్తున్నాడని తెలిసి, అవ్వ ఇల్లిల్లూ తిరిగింది. సారు ముందు పిల్లవాణ్ని బాగా మెచ్చుకుంటే కొలువు ఇచ్చేస్తాడని అందరికీ నూరిపోసింది. సారు వచ్చీ రాగానే ఆమే ఎదురుపోయింది. నేను పక్కనే ఉన్నాను.

"పెద్దాయన యాడొస్తుండు సారూ. ఆయన మొకం జూడక ఎన్ని వానకాలాలాయెనో. ఎండగాని వానగాని గీ పిలగాడే మా పోస్టాయన. గీనికే ఇయ్యిండ్రి కొలువు."

చుట్టూ ఉన్నవాళ్లంతా ఔనౌనన్నారు. సారు నా వైపు తిరిగి, "నిజమేనా?" అని అడిగాడు.

మనుషులూ ఇళ్లూ అన్నీ మెల్లగా దూరం జరిగినట్టయింది. ఔనంటే పెద్దాయన ఆ సాయంత్రమే ఇంట్లో కూర్చుంటాడు. కొలువు ఖాళీ అవుతుంది, ఇన్నేళ్ల నా నడక లెక్కలోకి వస్తుంది. నేను కలగన్న ఘడియ అదే. కానీ పెద్దాయన భార్య పొయ్యి ముందు కూర్చుని ఇద్దరికీ జొన్న గటక కలుపుతున్నట్టు కనబడింది.

"లేదు సార్. అవ్వకు యాది ఉండదు. పెద్దాయనే వస్తడు. ఆయన సెలవు పెడితెనే నేనొస్త."

"నాకు యాది ఉండదా?" అంది అవ్వ, చాలా మెల్లగా. సారు నా మాట రాసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాన్నాళ్లు అవ్వ నాతో మాట్లాడలేదు. కార్డు వస్తే అరుగు మీద పెట్టి పొమ్మని చేత్తో చూపించేది.

పెద్దాయనకు ఈ సంగతి నేను చెప్పలేదు. ఊళ్లో మాట దాగుతుందా, ఆయన చెవిన పడనే పడింది. మళ్లీ నడుస్తూ పోయాను.

ఎట్టకేలకు కాగితం మీద కూడా ఆయన ముసలివాడయ్యాడు. నేను దరఖాస్తు పెట్టుకుంటే, పండగ సెలవుల నాలుగు రోజులు తప్ప నా పని ఎక్కడా రాసి లేదన్నారు. పెద్దాయన ఆగలేకపోయాడు. కర్ర పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, బస్సులో మానుకోట వచ్చాడు. ఆఫీసులో ఉన్నది ఆ ఇన్‌స్పెక్టరు సారే.

"ఇన్నేండ్లు నేను నడువలే సారూ. పిలగాడే నడిచిండు. నాకు రావల్సిన పైసలు ఆపినా మంచిదే, గీ మాట రాసుకోండ్రి."

సారు కఠినుడేం కాదు. పెద్దాయనకు కుర్చీ వేయించాడు. "ఆ రోజు ఊరంతా ఇదే చెప్పింది. కాదన్నది ఇతనే. ఇప్పుడు ఏ మాట నమ్మమంటారు?" అన్నాడు. కొలువు ఇంకొకరికి పోయిందని నాకు అక్కడే అర్థమైంది.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. కర్రను మోకాళ్ల మధ్య పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"అప్పుడే ఉన్నదున్నట్టు చెప్తే అయిపోతుండె గద బిడ్డా."

"చెప్తే నువ్వేం తిందువు బాపు?"

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. బస్సు నిండా మనుషులున్నా ఏడ్చాను.

ఇంటి ముందు ఆయన భార్య నిలబడి ఉంది. ఏమాయె అని అడిగింది.

"పిలగాడే నడిచిండని చెప్పిన. నమ్మలే," అన్నాడు ఆయన.

"గదేంది, గిది ఊరందరికి ఎరికే గద," అంది ఆమె.

కొన్నాళ్లకు కొత్త పోస్టాయన వచ్చాడు. ఆ పొద్దు కూడా నాకు ఎప్పటి వేళకే మెలకువ వచ్చింది. మొహం కడుక్కుని, తల దువ్వుకుని వాకిట్లోకి వచ్చి, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాను.