ఆమినాబీ ఆపిన నికా

ఆమినాబీ నోరంటే భవానీపురంలో అందరికీ హడలే. పరుపులు కుట్టే మనిషి. దూది తగ్గించి కూరమన్న షాపువాణ్ణి నడిబజార్లో కడిగిపారేసిన ఆడది. అలాంటిది, కూతురు అఫ్సానా పోయాక ఏడాదిపాటు నోరు విప్పలేదు. అఫ్సానాని పొట్టనపెట్టుకుంది ఎయిడ్స్. అంటించింది కట్టుకున్న మొగుడు కరీముల్లా. ఊళ్లో మాత్రం ఏమన్నారో తెలుసా? పిల్ల నసీబు అంతే అన్నారు. నసీబట, నసీబు!

2004లో ఆ కరీముల్లాకే ఉయ్యూరులో మళ్లీ సంబంధం కుదిరింది. పిల్ల పేరు జుబియా. వాడి జబ్బు సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. కబురు చెవినపడగానే ఆమినాబీ సూది అక్కడే పారేసి మసీదుకి పరుగెత్తింది.

ఇమాం మునీర్ సాబ్ చెడ్డవాడేం కాదు. ఈ జబ్బు గురించి గవర్నర్‌పేట హోటల్లో పెట్టిన మీటింగుకి వెళ్లొచ్చి, రోగుల్ని వెలివేయొద్దని శుక్రవారం జుమ్మా ప్రసంగంలో చెప్పింది ఆయనే. అఫ్సానా జనాజా మొయ్యడానికి అందరూ జంకుతుంటే ముందుగా భుజం పట్టిందీ ఆయనే. అందుకే ఆమినాబీకి ఆయన మీద గురి.

"సాబ్, ఆ పిల్ల తరపువాళ్లకి చెప్పండి."

"అతను నన్ను నమ్మి చెప్పుకున్న మాట ఆమినాబీ, అమానతు, నా దగ్గర దాచుకున్న సొమ్ములాంటిది. ఒకరి గుట్టు రట్టు చెయ్యడం పాపం."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. "వాడి గుట్టు అమానతా? ఆ పిల్ల ప్రాణం కాదా? తమరి పుణ్యం కోసం ఇంకో ఆడపిల్ల గోరీకి పోవాలా? తమరు చెప్పకపోతే షాదీఖానాలో నేనే అరుస్తా!"

ఇమాం దిగొచ్చాడు. ఆ సాయంత్రమే కరీముల్లాని, జుబియా తండ్రిని మసీదు పక్క గదికి పిలిపించాడు. ఆమినాబీ గుమ్మంలో నిలబడింది.

"నీ జబ్బు సంగతి ఈయనకి నువ్వే చెప్పు. లేకపోతే నికా నేను చదవను," అన్నాడు ఇమాం.

కరీముల్లా మొహం కందగడ్డయింది. "ఇవాళ కొత్త నీతులా సాబ్? అఫ్సానాతో నికాకి ముందే నాకీ జబ్బుందని తమరికి చెప్పలేదా? 'పెళ్లి చేసుకో, కుదురుకుంటావు' అన్నది తమరు కాదూ?"

జుబియా తండ్రి వాడి మొహాన ఉమ్మేసినంత పనిచేసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పెళ్లి ఆగింది. జుబియా బతికిపోయింది. ఆమినాబీ మాత్రం కదల్లేదు.

"నిజమేనా సాబ్?"

"అప్పట్లో నాకు ఈ జబ్బు ఎలా అంటుకుంటుందో తెలీదమ్మా. పెళ్లైతే దార్లో పడతాడనుకున్నా..."

"నా బిడ్డేమన్నా వాడికి మందుబిళ్లనుకున్నారా?" ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినబడింది. "వచ్చే జుమ్మాకి ఈ మాట చెప్పండి. ఆడపిల్లల్ని కన్న ప్రతివాడూ వినాలి. గేటు బయట నిలబడి నేనూ వింటా."

చెప్పాడు. తన తప్పు తానే, ఏడుస్తూ చెప్పాడు. నమాజుకొచ్చినవాళ్లు చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఆమినాబీ చివరిదాకా విని, ఆయనకి సలామైనా చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయింది.