చెవిలో తమ్ముడి పేరు

తొలి పోటీ ముగిసేసరికి గెరిట్ రేసుకారులోని ట్రాన్స్‌పాండర్ మూగబోయింది. చూడటానికి సబ్బుబిళ్లంత పెట్టె. బండి గీత దాటిన ప్రతిసారీ చుట్టును లెక్కకట్టి, ఎవరు ఎక్కడున్నారో నిర్వాహకుల పైగదిలోని తెరకు చేరవేస్తుంది. అది పనిచేయకపోతే అసలు పోటీలోకి అనుమతి లేదు. వారం పొడుగునా ధాన్యపు గాదెల దగ్గర లారీలు తూచి, శనివారం సాయంత్రం ఆ మట్టిబాట మీద పదిహేను చుట్ల కోసం బతికే మనిషి గెరిట్. ఇరవై రెండేళ్లుగా అయొవాలోని ఆ మొక్కజొన్న చేల నడుమ అదే అతని వ్రతం.

"ఇదిగో, ఇది పెట్టుకో," అంది ట్రూడీ, చేతిసంచిలోంచి అలాంటిదే మరొక పెట్టె తీసి.

ట్రూడీ అతని తమ్ముడు ఆర్లిన్ భార్య. ఆర్లిన్ పోయి పదమూడు నెలలైంది.

"ఆర్లిన్‌దా?"

"కాక మా అత్తగారిదా? ఆవిడ రేసుల్లో దిగిందంటే మీరెవ్వరూ మిగలరు."

"ఇంతకాలమైంది, ఛార్జింగు ఎక్కడుంటుంది?"

"ప్రతి శుక్రవారం పెడుతూనే ఉన్నా. ఆ పచ్చదీపం మిణుకుమనకపోతే నాకు నిద్ర పట్టదు. నవ్వుకుంటే నవ్వుకో."

గెరిట్ నవ్వలేదు. పెట్టెను చట్రానికి బిగిస్తున్నంతసేపూ ఆమె ముఖంలోకి చూడలేదు.

కారణం అతనికొక్కడికే తెలుసు. నిరుడు ఆగస్టులో, ఇదే బాట మీద మూడో మలుపులో, ఆర్లిన్ బండి గట్టు దాటి పల్టీలు కొట్టింది. స్టీరింగు విరిగి ఉంటుందని చూసినవాళ్లన్నారు. చూడనివాళ్లూ అదే అన్నారు. గెరిట్ కాదనలేదు. లోపలి వరుసలోంచి గట్టువైపు పైకి జారి, తమ్ముడి బండికి తగిలింది తన బండే. జారుతున్నానని తెలిసీ అతను యాక్సిలరేటర్ పెడల్ మీది కాలు ఎత్తలేదు. ఆ మాట ట్రూడీతో చెప్పాలని ఏడాదిగా ఎన్నోసార్లు ఆమె వాకిలిదాకా వెళ్లి, గడ్డి కోసిపెట్టి, తిరిగొచ్చాడు. వచ్చే వారం ఆమె సూ ఫాల్స్‌లోని అక్కగారింటికి మారిపోతోంది. ఇది ఈ ఏటి ఆఖరి పోటీ. ఈ రాత్రి చెప్పకపోతే ఇక ఎన్నటికీ చెప్పలేడు.

పోటీకి ముందు పాదిరి ట్రైలరు మీద నిలబడి ప్రార్థించాడు. అందరూ టోపీలు తీశారు. గెరిట్ కూడా తీశాడు గాని, అందరితోపాటు 'ఆమెన్' అనలేదు.

ఎనిమిదో స్థానంలో బయలుదేరి, తొమ్మిదో చుట్టుకు రెండో స్థానానికి చేరాడు. అప్పుడే ఒక బండి గిర్రున తిరిగి అడ్డంగా నిలిచింది. పసుపుజెండా లేచింది. బండ్లన్నీ నెమ్మదించి, వరుస కట్టడానికి పైగది ఆజ్ఞ కోసం ఎదురుచూశాయి. ఆ ఆజ్ఞ శిరస్త్రాణంలోని చిన్న రేడియోలో వినిపిస్తుంది. వినడమే తప్ప, తిరిగి పలకడానికి వీలులేని రేడియో అది.

"ఆర్లిన్, నువ్వు రెండు. తెల్లబండి వెనక్కి రా."

గెరిట్ వరుసలోకి కదలక ఉన్నచోటే ఉండిపోయాడు. పైగదిలో కూర్చున్న డ్వేన్ ఈ ఏడే కొత్తగా వచ్చినవాడు. పోయినవాణ్ణి ఎరగడు. పెట్టె ఇంకా ఆర్లిన్ పేరు మీదే ఉంది, తెర మీద కనబడ్డ ఆ పేరు చదువుతున్నాడు, అంతే. ఆ సంగతి బుద్ధికి తెలుసు, గుండెకు తెలియదు. బైబిలు ఆదికాండంలో, పొలంలో తమ్ముణ్ణి చంపిన అన్నను నిలదీసిన దేవుడి స్వరం కూడా ఇంత దగ్గరగా, ఇంత నిదానంగానే పలికి ఉంటుందనిపించింది.

"ఆర్లిన్, వినబడుతోందా? నీ చోటుకు రా. లేకపోతే అందరి వెనక్కి పంపుతా."

గెరిట్ గేరు మార్చి, చచ్చిపోయినవాడి పేరుకు పలికినట్లుగా, తెల్లబండి వెనక్కి చేరాడు. గెరిట్‌నని చెప్పుకోవడానికి దారి లేదు.

పచ్చజెండా ఊగింది. ధూళి లేచింది. పదమూడో చుట్టులో, మూడో మలుపులో, అతను గట్టు అంచున ఉండగా పశువైద్యుడు కర్ట్ లోపలి వరుసలోంచి పైకి జారుతూ వచ్చాడు. ఆ రాత్రి తమ్ముడున్నది సరిగ్గా ఈ చోటే. గెరిట్ కళ్లు మూసుకోబోయాడు. అంతలో కర్ట్ ఇంజను రొద ఒక్క క్షణం తగ్గింది. కర్ట్ కాలెత్తాడు. రెండు బండ్ల మధ్య మూరెడు చోటు తెరుచుకుంది, గెరిట్ క్షేమంగా సాగిపోయాడు.

ఇంతేనా? ఒక కాలి బొటనవేలు ఎత్తడం, ఒక రెప్పపాటు. తాను చేయలేకపోయింది ఇంతేనా?

పోటీ ముగిసింది. మైకులో రెండో స్థానం ఆర్లిన్ హూక్‌స్ట్రాదని ప్రకటించారు. పాతవాళ్లు లేచి నిలబడ్డారు. కొందరు కన్నీళ్లు తుడుచుకున్నారు. ఇంతలో డ్వేన్ ఫలితాల కాగితం పట్టుకుని పైగది మెట్లు దిగి, గెరిట్ బండి పక్కన నిలబడ్డ ట్రూడీ దగ్గరికి పరుగున వచ్చాడు.

"నాకు తెలియదమ్మా. ఎవరో ఇప్పుడే చెప్పారు. క్షమించండి, వెంటనే పేరు మార్చేస్తా."

"వద్దు. ఈ ఒక్క రాత్రికి ఉండనివ్వు," అంది ట్రూడీ. ఆమె ముఖం ఏడాదిగా ఎవరూ చూడనంత ప్రశాంతంగా ఉంది. "గెరిట్ ఏమీ అనుకోడు. ఏం, గెరిట్?"

తలూపితే చాలు. ఆమె ఆ ప్రశాంతతతోనే ఊరు విడిచి వెళ్లిపోతుంది. గెరిట్ శిరస్త్రాణాన్ని బండి కప్పు మీద పెట్టాడు.

"ట్రూడీ, స్టీరింగు విరగలేదు. వాడికి తగిలింది నేను."

"ఏంటి?"

"జారుతున్నానని తెలుసు. కాలెత్తలేదు."

ఆమె ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"ఎందుకు?"

"ఆ రాత్రి వాడు నాకంటే వేగంగా ఉన్నాడు."

డ్వేన్ తల దించుకున్నాడు. ట్రూడీ అతని చేతిలోని కాగితం తీసుకుని, కలం అడిగి, తన భర్త పేరును అడ్డంగా ఒకే గీతతో కొట్టేసింది.

"మార్చు. ఇది ఆర్లిన్ గెలుచుకున్నది కాదు."

ఆమె బండ్ల మధ్యనుంచి నడిచి వెళ్లిపోయింది. గెరిట్ వెంట వెళ్లలేదు. కాసేపటికి మైకు గరగరలాడి, సవరణ అంటూ, రెండో స్థానానికి గెరిట్ హూక్‌స్ట్రా పేరు చదివింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ మైకులో విన్న తన పేరే, నేరపత్రంలోంచి చదివినట్లు, ఖాళీ అవుతున్న ప్రేక్షకుల మెట్ల మీదుగా అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.