నేలమాళిగలో తెల్ల పొగ

బీరు కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, ఒక్క బారు గడప కూడా తొక్కని మనిషి ఆ ఊళ్లో పీపా మామ ఒక్కడే. పీపా అంటే బొద్దుగా ఉంటాడేమో అనుకునేరు. మనిషి చీపురుపుల్ల. బీరు పులిసిన ఇనుప తొట్లను లోపలికి దిగి కడగడం ఆయన పని. రెండు నిలువుల లోతు తొట్టికి మూతి మాత్రం భుజాలు పట్టేంతే ఉండేది. లావుపాటివాళ్లు దూరలేరు కనుక ఆయన్ని పెట్టుకున్నారు. పీపాల్లో బతికేవాడు కనుక తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

బీరు పులిసేటప్పుడు తొట్టిలో ఒక గాలి పుడుతుంది. కంటికి కనపడదు. మామూలు గాలికంటే బరువు, అందుకని నీళ్లలా అడుగున నిలబడిపోతుంది. అందులోకి దిగినవాడికి రెండు ఊపిర్లకి కాళ్లు తేలిపోతాయి, మూడో ఊపిరికి కూలబడతాడు. కేక వేసే వ్యవధి కూడా ఉండదు. అందుకే ముందు తాడుకి దీపం కట్టి లోపలికి దించేవాళ్లు. దీపం ఆరితే మనిషి దిగకూడదు.

మామకి పెళ్లైన రెండో ఏడు, ఆయన భార్య తమ్ముడు కూడా అదే పనిలో చేరాడు. చేర్పించింది మామే. ఇరవై రెండేళ్ల కుర్రాడు, ఒకచోట నిలబడేవాడు కాదు. ఒకరోజు ఎవరో పనివాడు తొందరపడి దీపం దించకుండా దిగి పడిపోయాడు. "బావా, వాడు పోతాడు బావా!" అంటూ ఈ కుర్రాడు అతని వెనకే దూకాడు. మామ కూడా ఒక కాలు మూతిలో పెట్టాడు. మేస్త్రీ వెనకనుంచి చొక్కా కాలరు పట్టుకుని ఈడ్చి, నేలమీద పడేసి, ఛాతీమీద కూర్చున్నాడు. గంట తరవాత ఇద్దరినీ కొక్కేలతో పైకి లాగారు. ఇద్దరిలోనూ ప్రాణం లేదు.

ఆ రోజు మామ ఎందుకు దిగలేదని భార్య అడగలేదు. మేస్త్రీ సంగతి ఆయనా చెప్పలేదు. చెబితే, ఎవడో పట్టుకున్నాడు కనుక ఆగిపోయానని సాకు చెప్పుకున్నట్టు ఉంటుందని ఆయన బాధ. అలా ఇరవై ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. ఈలోగా కూతురు పుట్టింది, పెరిగింది. ఏ పని నేర్చుకుంటావే అంటే రకరకాల మద్యాలు, పళ్లరసాలు కలిపి కాక్‌టెయిల్స్ చేసే పని నేర్చుకుంటానంది.

"తండ్రి తొట్టి కడిగాడు, కూతురు గ్లాసు నింపుతుంది. వంశపారంపర్యం!" అని తల్లి నెత్తి కొట్టుకుంది గానీ, పిల్లకి పెద్ద ఉద్యోగం వచ్చినరోజున వీధిలో అందరికీ ఆవిడే చెప్పుకుంది.

ఊరి నడిబొడ్డున పాత బట్టల గోదాము కింద కొత్త బారు తెరిచారు. కౌంటరు మొత్తానికి పెద్ద ఈ పిల్లే. తెరిచిన నాలుగోరోజు అమ్మానాన్నల్ని పిలిచింది.

"ఆదివారం సాయంత్రం ఐదున్నరకి మీకు బల్ల ఆపి ఉంచుతా నాన్నా. ఊరికే రండి. నేను ఏం చేస్తానో ఒక్కసారైనా చూడరా?"

"ఏం కట్టుకోవాలే అక్కడికి?" అంది తల్లి.

"ఏదైనా కట్టుకో అమ్మా. చీకట్లో ఎవరికీ కనపడదులే."

పైన వీధిలో ఇంకా ఎండ కాస్తోంది. తలుపు తీయగానే కిందికి మెట్లు. మామ అలవాటుగా లెక్కపెట్టాడు, పద్దెనిమిది. కిందికి దిగేకొద్దీ చల్లదనం పాదాలనుంచి పైకి పాకింది. అడుగు మెట్టు దగ్గర స్టోరు చూసే మనిషి ఎదురయ్యాడు. నలభై ఏళ్లుంటాయి, భుజంమీద థర్మోకోల్ పెట్టె, ముఖంనిండా నవ్వు.

"మీరేనా మా కౌంటరు మేడం అమ్మగారు? ఆవిడ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని నాలుగురోజుల్నుంచి కాచుకుని ఉన్నా!"

"ఇంకా చూడలేదు నాయనా, కాసేపు ఆగు" అంది ఆవిడ. ముగ్గురూ నవ్వారు. అతను పెట్టె సర్దుకుని కౌంటరు వెనక్కి వెళ్లాడు.

హాలు బాగుంది. ఇటుక గోడలు, ఇత్తడి దీపాలు. మధ్యలో నేలని మోకాలిలోతు తవ్వి, గుంటలా చేసి, చుట్టూ పరుపులు పరిచారు. గుంట అంచున గాజుకుప్పెల్లో కొవ్వొత్తులు. ఏడెనిమిది మంది ఆడపిల్లలు ఎవరిదో పుట్టినరోజని అందులో చేరగిలబడి నవ్వుకుంటున్నారు. వేయించిన బంగాళాదుంప ముక్కలు, చీజు రొట్టెలు, పుల్లలకి గుచ్చి కాల్చిన కోడిమాంసం పళ్లేలలో తిరుగుతున్నాయి. మామకి అన్నీ నచ్చాయి, ఒక్కటి తప్ప. వచ్చిన దారి కాక ఇంకో దారి ఉందేమో అని చూశాడు. లేదు.

కూతురు నల్ల ఏప్రన్ కట్టుకుని, జుట్టు ముడివేసుకుని, చేతిలో డబ్బాని గిలక్కాయలా ఊపుతోంది. తల్లి గుడ్లప్పగించి చూసింది.

"ఇంట్లో మజ్జిగ చిలకమంటే చేతులు నొప్పులంటుంది!"

పిల్ల స్వయంగా రెండు గ్లాసులు తెచ్చింది. తల్లికి పళ్లరసం. తండ్రికి నీలంరంగు పానీయం. అందులోనుంచి తెల్లటి పొగ ఉబికి, గ్లాసు అంచు దాటి, బల్లమీద పరుచుకుంది.

"మా బారు పేరు నిలబెట్టేది ఇదే నాన్నా. దీని పేరు 'మబ్బు'. డ్రై ఐస్ ముక్క వేస్తే పొగ వస్తుంది. ఆ ముక్క కరిగేదాకా తాగకూడదు, చల్లదనానికి నోరు కాలిపోతుంది."

పక్క బల్లలవాళ్లు చప్పట్లు కొట్టారు. మామ చప్పట్లు కొట్టలేదు. ఆయన పొగనే చూస్తున్నాడు. అది పొయ్యి పొగలా పైకి పోవడంలేదు. బల్ల అంచుదాకా పాకి, కిందికి జారి, నేలమీద పడి, గుంటవైపు మెల్లగా నడిచిపోతోంది.

"ఈ పొగ ఎటు పోతుందమ్మా?"

"ఎటు పోతుంది, మాయమైపోతుంది. తాగు నాన్నా" అని నవ్వి వెళ్లిపోయింది.

మాయమవడం అంటే ఏమిటో ఆయనకి తెలుసు. కళ్లకి కనపడకుండా పోవడం వేరు, లేకుండా పోవడం వేరు. ఆయన ముక్కులో చిన్న చురుకు తగిలింది. సోడా తాగి త్రేన్చినప్పుడు ముక్కుపుటాల్లో కుట్టే పుల్లటి చురుకు. పదకొండేళ్లయింది ఆయన రిటైరై. అయినా ఒళ్లు ఆ చురుకుని గుర్తుపట్టి ఝల్లుమంది.

గుంట అంచున ఒక కొవ్వొత్తి ఆరిపోయింది. వడ్డించే అమ్మాయి వచ్చి వెలిగించింది. మళ్లీ ఆరింది. పక్కది కూడా ఆరింది. "ఏసీ గాలి" అనుకుంటూ వెళ్లిపోయింది ఆ అమ్మాయి. గుంటలో పుట్టినరోజు పిల్ల నుదురు నొక్కుకుంటూ, "తల దిమ్మెక్కుతోందే" అంటే, మిగతావాళ్లు "ఒక్క గ్లాసుకేనా!" అని ఎగతాళి చేశారు.

మామ తన బల్లమీది కొవ్వొత్తిని తీసుకుని కుర్చీ పక్కన నెమ్మదిగా కిందికి దించాడు. నడుము దగ్గర బాగానే వెలిగింది. మోకాలి దగ్గర మంట సన్నబడి, పక్కకి ఒరిగింది. పిక్కల దగ్గర, ఎవరో రెండు వేళ్లతో నలిపేసినట్టు ఆరిపోయింది.

తల ఎత్తేసరికి భార్య ఆయన ముఖం చూస్తోంది. ముఖంలో ఏం కనపడిందో గానీ ఆవిడ రొట్టెముక్క కింద పెట్టేసింది.

"ఏమండీ, అదేనా?" అంది.

"అదే. ఆ మంచుముక్కలోంచి వచ్చేది తొట్టి గాలే. నువ్వు ఆ గుంటలో పిల్లల్ని లేవదీసి పైకి పట్టుకుపో. ఎలా తీసుకెళ్తావో నీ ఇష్టం."

ఆయన కౌంటరు దగ్గరికి వెళ్లాడు. మఖమల్ కోటు వేసుకున్న కుర్ర యజమాని కూడా అక్కడే ఉన్నాడు.

"బాబూ, గాలి బయటికి లాగే ఫ్యాను ఉందా ఇక్కడ?"

"ఉంది అంకుల్, పెద్దదే. చప్పుడెక్కువని ఆపించా. అది వేస్తే పాట వినపడదు."

"ఇప్పుడే వెయ్యి. నేలమీద చెడ్డ గాలి పేరుకుంది. కొవ్వొత్తులు ఆరిపోతున్నాయి, చూడు."

"నాన్నా, ఇది మీ ఫ్యాక్టరీ కాదు" అంది కూతురు మెల్లగా, యజమాని ముందు సిగ్గుపడుతూ.

"ఆ మంచు ఎక్కడ పెట్టారు?"

"స్టోరులో. కౌంటరు వెనక, మూడు మెట్లు కిందికి. వారానికి సరిపడా ముప్పై పెట్టెలు ఒకేసారి దించుకున్నాం."

"లోపల ఎవరున్నారు?"

"స్టోరు అన్న. ఇందాకే ఐసు తెస్తానని..." కూతురు ఆగిపోయింది. గోడ గడియారం చూసింది. "ఎప్పుడో వెళ్లాడు."

ఆమె పరిగెత్తి స్టోరు తలుపు తోసింది. లోపల బల్బు వెలుగుతోంది. మూడు మెట్ల కింద, తెల్లటి పెట్టెల మధ్య, స్టోరు మనిషి బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి అడుగు మెట్టుమీద ఉంది.

"అన్నా!" అంటూ దూకబోయింది. మామ ఆమె నడుము చుట్టూ రెండు చేతులూ వేసి వెనక్కి లాగాడు.

"వదులు నాన్నా! మూడు మెట్లే! చెయ్యి అందుతుంది!"

"అందదు. వంగితే నువ్వూ పడతావు."

"చచ్చిపోతాడు!"

ఆయన వదల్లేదు. ఆమె గోళ్లతో రక్కింది, ముంజేతిమీద పళ్లు దిగేలా కొరికింది. అరవై తొమ్మిదేళ్ల చీపురుపుల్లకి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆమె కదల్లేకపోయింది. యజమాని కూడా తలుపువైపు అడుగు వేస్తే, "ఒక్కడు దిగినా ఇద్దరిని మొయ్యాలిరా! ముందు ఆ ఫ్యాను వెయ్యి!" అని మామ అరిచిన అరుపుకి పాట కూడా ఆగిపోయింది.

పైన ఎక్కడో లోహపు రెక్కలు గర్జించడం మొదలైంది. భార్య గొంతు వినపడుతోంది. "లేవండమ్మా, చెప్పులు తరవాత వెతుక్కోవచ్చు, ముందు మెట్లెక్కండి!" పుట్టినరోజు పిల్లని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు.

కూతుర్ని యజమాని చేతికి అప్పగించి, "దీన్ని వదిలావంటే నిన్ను వదలను" అన్నాడు మామ. చుట్టూ చూశాడు. పై తలుపు షట్టరు లాగే కొక్కెం కర్ర మూలన కనపడింది, ఆరడుగుల పొడవు. తలుపు గడపమీద నిటారుగా నిలబడి, ఊపిరి బిగబట్టి, కొక్కేన్ని స్టోరు మనిషి నడుము పట్టీలోకి దూర్చాడు. మొదటిసారి జారింది. వెనక్కి వచ్చి, ఊపిరి తీసుకుని, మళ్లీ వెళ్లాడు. రెండోసారి దొరికింది. మనిషి బరువు మెట్టుకి తట్టుకుని ఆగింది. మళ్లీ వెనక్కి, మళ్లీ ఊపిరి. మూడోసారి వంటమనిషి వచ్చి ఆయన వెనక నిలబడి కర్ర పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఈడ్చారు. ఇదంతా నాలుగు నిమిషాలు పట్టిందని తరవాత లెక్కతేలింది. కూతురికి మాత్రం అది నాలుగు గంటలు.

పై వీధిలో, ఇంకా వేడి ఆరని పేవ్‌మెంటుమీద పడుకోబెట్టారు. పెదాలు నీలంగా ఉన్నాయి. వంటమనిషి ఛాతీ నొక్కాడు, అంబులెన్సువాళ్లు వచ్చి నొక్కారు. ఎప్పటికో ఒక ఊపిరి అందుకుంది. కళ్లు మాత్రం తెరవలేదు.

కూతురు తండ్రి ముఖం చూడలేదు. "నన్ను వదిలుంటే అప్పుడే లాగేదాన్ని" అంది, రోడ్డుతో చెబుతున్నట్టు.

మామ భార్య కూతురి పక్కన కూర్చుని, ఆయన రక్తం కారుతున్న ముంజేతికి పైటచెంగు చుడుతూ అంది: "మీ మామయ్య కూడా అలాగే అనుకుని దూకాడే. ఆరోజు మీ నాన్నని మేస్త్రీ పట్టుకున్నాడు. మరునాడే ఆ మేస్త్రీ వచ్చి నాకు చెప్పాడు. చెప్పి, ఏడ్చాడు."

మామ తల తిప్పి చూశాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆయన దాచిన మాట ఆవిడకి మొదటినుంచీ తెలుసు. "అడిగితే నొచ్చుకుంటారని" అంది ఆవిడ, ముడి బిగిస్తూ.

స్టోరు మనిషి మూడోరోజు కళ్లు తెరిచాడు. బతికాడు, కానీ పూర్తిగా తిరిగిరాలేదు. మాట తడబడుతుంది. పొద్దున విన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. అతని భార్య కుట్టుపనికి వెళ్తూ ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చి పోతోంది, అతను బయటికి వెళ్తే దారి తెలీదని.

వారం తరవాత యజమాని ఒక కాగితం తెచ్చాడు. స్టోరు మనిషికి ముందునుంచే మూర్ఛ ఉందని, ఆరోజు అదే వచ్చిందని అందులో రాసి ఉంది. అందరూ సంతకం పెట్టారు. కూతురి ముందు పెడుతూ, "ఇంకో రెండుచోట్ల బార్లు తెరుస్తున్నా. అన్నింటికీ నువ్వే పెద్ద" అన్నాడు. స్వరం మెత్తగానే ఉంది. చెయ్యి మాత్రం కాగితంమీదనుంచి తీయలేదు.

ఆమె సంతకం పెట్టలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఎనిమిది రోజుల్లో మొదటిసారి తండ్రితో మాట్లాడింది.

"ఆ గాలి గురించి నీకు తెలిసిందంతా చెప్పు. రాసుకుంటా."

ఆయన చెప్పాడు. ఆమె నాలుగు పేజీలు రాసి విచారణ అధికారికి ఇచ్చింది. బారుకి తాళం పడింది. యజమాని తరఫు మనుషులిద్దరు నెలరోజులపాటు వాళ్ల వీధి చివర రోజూ నిలబడేవాళ్లు. ఏమీ అనేవాళ్లు కాదు. తల్లి కూరలకి వెళ్తే దారి ఇచ్చి, "జాగ్రత్తమ్మా" అనేవాళ్లు, అంతే. ఆ తరవాత కూతురికి ఊళ్లో ఏ బారులోనూ పని దొరకలేదు.

ఇప్పుడు ఒక బేకరీలో చేస్తోంది. ప్రతి గురువారం బన్నుల పొట్లం పట్టుకుని స్టోరు మనిషి ఇంటికి వెళ్తుంది. అతను మర్యాదగా కుర్చీ చూపిస్తాడు. ఎవరమ్మా మీరు అని అడుగుతాడు. ఆమె చెబుతుంది. అతను తల ఊపి, కాసేపు బన్ను తిని, మళ్లీ ఆమెవైపు చూస్తాడు. ఆ చూపులోకి ఏదో రాబోతున్నట్టు ఉంటుంది. ఆమె ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది.

"ఎవరమ్మా మీరు?" అంటాడు అతను.