బస్సును నేనే ఆపాను

ఈ రోజు నేను ఒక బస్సును ఆపాను! నవ్వకండి, నాకది పెద్ద విషయమే.

పెళ్లయి రెండేళ్లయింది. కోవిల్‌పట్టి నుంచి మా ఊరికి వచ్చే బస్సులో "ఇక్కడ నిలపండి" అని అడగలేక, మా స్టాపు దాటిపోయినా ఊరుకుని, తర్వాత ఎవరైనా దిగేచోట దిగి వెనక్కి నడిచేదాన్ని. అందరూ నన్నే చూస్తారని భయం. విరుదునగర్‌లో చూపించుకుంటే డాక్టరమ్మ, "మెదడులో భయపడే చోటుకీ, ఏం కాదులే అని సర్దిచెప్పే చోటుకీ మధ్య మాట సరిగ్గా అందడం లేదు. మాత్రలతో ఆ దారి మెల్లగా బాగుపడవచ్చు" అంది. రెండు నెలలుగా వేసుకుంటున్నాను.

ఈ సాయంత్రం సీట్లోంచి లేచి నిలబడి, "అన్నా, నిలపండి!" అని అరిచాను. బస్సు ఆగింది! దిగాక చూస్తే, కంగారులో ఒక స్టాపు ముందే అరిచేశాను.

చెమటలు కక్కుతూ ఇల్లు చేరితే అత్త అడిగింది. "ఏమే, మళ్ళా స్టాపు దాటిపోయి దిగితివా?"

"లేదత్తా, ఈ తడవ ముందే దిగితిని. నేనే నిలపమంటిని."

"నువ్వా? నోరు తెరిచి? ఆ మాత్ర నాకు మాత్రం ఇయ్యొద్దే తల్లీ, నేను ఇప్పటికే ఊరంతా వినేట్టు అరుస్తా!"

ఎటు దిగినా నడక ఒకటేగా అని మా ఆయన అంటున్నారు. నా కాళ్లకు మాత్రం ఈ రోజు నడక తేలిగ్గా అనిపించింది. నోరు పెగలక మీరు ఎంత దూరం నడిచారో చెప్పండి, చూద్దాం.