మామగారి ఎద్దులు, నా పికప్ కొక్కెం

పులివెందుల బండలాగుడు మైదానంలో, ఊళ్లకు ఊళ్లు చూస్తుండగా, మైకు సాక్షిగా నా పరువు ఆకాశానికి లేచి ధబ్బున కింద పడిన వైనం చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది. ఎందుకంటే అందులో నా తప్పు ఆవగింజంత. మిగతా గుమ్మడికాయంతా పక్కవాళ్లది.

మా మామగారిది జమ్మలమడుగు. ఆయనకు ఒక కూతురు, రెండు ఎద్దులు. కూతుర్ని నాకిచ్చి గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు. ఎద్దుల్ని మాత్రం కళ్లల్లో పెట్టుకుని మేపుతాడు. అల్లుణ్ణి నేను ఇంటికి పోతే నా కంచంలో పప్పుచారు, వాటి తొట్టిలో ఉడికిన ఉలవలు, కోడిగుడ్లు. ఇది ధర్మమా, మీరే చెప్పండి.

ఆ జతను ఏటా లారీలో పోటీలకు తీసుకుపోయేవాడు. పులివెందుల పోటీ దగ్గర పడ్డప్పుడు నేను ఊరుకోలేక, "లారీ దేనికి మామా, నా పికప్ ఉంది కదా, వెనక ట్రాలీ తగిలించుకుని పోదాం" అన్నాను.

ఆయన నా డీజిల్ పికప్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "టమేటా గంపలు మోసే బండప్పా అది. ఇవి ఎద్దులు."

నాకు పౌరుషం అంటుకున్నది అక్కడే. మరుసటి రోజు పొద్దున్నే బండి ప్రొద్దుటూరులో బాషా షెడ్డు ముందుంది. బాషా మంచి మెకానిక్కు. ఒకటే లోపం, ఎదుటివాడి ఆవేశం వాడికి ఇట్టే అంటుకుంటుంది.

"రెండెద్దులు, ట్రాలీ, గడ్డి, మనుషులు. లాగాల బాషా."

"ఎద్దులేందన్నా. గండికోటను కట్టు, లాక్కొస్తాది."

ఇక ఇద్దరం పూనకం వచ్చినట్టు పనిలో దిగాం. వెనక బరువు మోసే కమానుకట్టకు అదనపు పట్టీలు వేశాం. కొత్త క్లచ్ ప్లేటు, పెద్ద రేడియేటరు, ఏనుగు చర్మంలాంటి టైర్లు. ఇక ట్రాలీ తగిలించే కొక్కెం సంగతి. చాసిస్‌కు బిగించిన ఆ కొక్కేన్ని చూస్తే సముద్రంలో ఓడ కూడా వచ్చి తనంతట తానే తగులుకునేది. ట్రాలీలో బరువు ఎక్కడ నిలబెట్టాలన్న ఒక్క సంగతి మాత్రం నేను అడగలేదు, వాడు చెప్పలేదు. వాడప్పుడు కొక్కెం మీద మా ఆవిడ పేరు ఎర్ర రంగుతో రాయిస్తున్నాడు.

పోటీ రోజు ట్రాలీ తగిలించాం. రెండే చక్రాల ట్రాలీ, చక్రాలు సరిగ్గా నడిమధ్యలో. మామగారు ఎద్దుల్ని ముందుకు, పికప్ వైపు తెచ్చి కట్టబోయాడు. కొత్త పట్టీల మీద అంత బరువా? బండి నడుం వంగితే చూసేవాళ్లు ఏమనుకోవాలి?

"వెనక్కి కట్టు మామా. బాగా వెనక్కి."

"సరే. అయితే మొగం గూడా వెనక్కే తిప్పుతా. నీ బండి పొగ పీలిస్తే వాటికి ఆయాసమొస్తాది." ఆయన నా పక్కన ఎక్కి కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు: "అల్లుడా, ఏడాదంతా ఈ పోటీ కోసమే మేపినా. అవి అలిసిపోకుండా ఆడికి చేరాల. అదొక్కటి చూడు, చాలు."

బయలుదేరాం. ముద్దనూరు దాటేసరికి బండి వెనక భాగం కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెట్టింది.

"ఏందప్పా, బండి తోకాడిస్తాంది?"

"అది పవర్ మామా."

ఆయన పైకప్పు కమ్మీ పట్టుకుని, పులివెందుల వచ్చేదాకా వదల్లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. దేవుణ్ణే తలచుకున్నాడో, నన్నే తలచుకున్నాడో నేనడగలేదు.

మైదానం వాకిట్లోకి ఠీవిగా వచ్చి ఆగాం. సరిగ్గా అప్పుడే లోపల వేరే జతను వదలడానికి పోటీ పెద్ద విజిల్ వేశాడు. అయ్యా, వాడిదీ తప్పు. బండలాగే ఎద్దులకు విజిల్ అంటే ఒకటే అర్థం, లాగమని. మా జత ట్రాలీలో ఉన్నామన్న సంగతే మరిచి, మొహాలు వెనక్కి ఉన్నాయి కాబట్టి ఆ వెనక తలుపు మీదికే ఉరికింది. ట్రాలీ తోక నేలకు తగిలింది, మూతి గాల్లోకి లేచింది, దాంతోపాటు నా పికప్ వెనక చక్రాలు కూడా లేచాయి.

బాషా మాట నిలబడింది, కొక్కెం ఊడలేదు. ఊడి ఉంటే నా పరువు దక్కేది.

నేను కంగారులో హ్యాండ్ బ్రేక్ లాగడం మరిచి ఎక్సలేటర్ తొక్కాను. చక్రాలు గాల్లో గిర్రున తిరిగాయి. మైకులో ఒకడు అందుకున్నాడు: "చూడండప్పా, జమ్మలమడుగు జత బండ ముట్టకుండానే పికప్పును ఎత్తింది. డ్రైవరన్న లోపలే ఉన్నాడు, చప్పట్లు కొట్టండి."

మామగారు దిగి పరుగున పోయి ఎద్దుల్ని దించాడు. బరువు తగ్గగానే పికప్ కింద పడింది. తిరుగుతున్న చక్రాలు నేలకు తగిలి, అడుగున ఏదో ఫటేలున విరిగింది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు. ఈసారి మాత్రం మరిచిపోకుండా హ్యాండ్ బ్రేక్ ఆసాంతం లాగాను.

వాకిలి మూసుకుపోయింది. వెనక జతలన్నీ ఆగిపోయాయి. ట్రాలీ విప్పి పక్కకు తోశారు. పికప్పును మాత్రం ఊరంతా కలిసి తోసినా అంగుళం జరగలేదు.

"ఇది తీస్తేనే పోటీ" అన్నాడు పోటీ పెద్ద. "ట్రాక్టరు రానీకి దోవ లేదు. మీ ఎద్దులు ఉండాయి గదా పెద్దాయనా, కట్టు."

"వాటికి ఇంకాసేపట్లో బండ ఉందప్పా."

"ఇది పోకుంటే బండే లేదు."

మామగారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. కాడి కట్టి, గొలుసు తగిలించాడు. నేను స్టీరింగ్ పట్టుకుని రాజులా కూర్చున్నాను. ఎద్దులు మోకాళ్ల మీద వంగి, నురుగులు కక్కుతూ, అంగుళం అంగుళం లాగాయి. వెనక టైర్లు మడక దున్నినట్టు చాళ్లు తీశాయి. మైకువాడికి పండగే పండగ: "లాగుతాండాయి, లాగుతాండాయి, అన్న దిగడంల్యా."

కంచె పక్కకు చేరాక మామగారు తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. ఆయన చూపు నా మీద కాదు, నా పక్కన నిటారుగా నిలబడి ఉన్న హ్యాండ్ బ్రేక్ మీద ఆగింది. అప్పటికి నాక్కూడా అర్థమైంది.

సాయంత్రం అసలు బండకు కట్టినప్పుడు ఆ జత నాలుగడుగులు వేసి, నిలబడి, తలలు తిప్పి కంచె వైపు నన్నే చూసింది. ఒట్టు, నన్నే. ఇక కదల్లేదు.

విరిగిన పికప్పును అక్కడే వదిలి, ఎద్దులతో అద్దె లారీలో తిరిగి వస్తుంటే మామగారు అన్నాడు: "బండనే నయమప్పా. అది బరువుంటాదేగానీ, హ్యాండ్ బ్రేక్ ఎయ్యదు."

అందుచేత, మా ఆవిడ పేరున్న ఆ కొక్కెం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా బండి వెనక ఎద్దులు కాదు కదా, కొత్త బండికి కట్టే నిమ్మకాయల దండ కూడా కట్టను. ముందు వైపు కూడా ఆలోచించే కడతాను.